అనుమతి వేరు, ప్రమాణము వేరు

నెల్లూరు తీరమున, కండలేరు సముద్రమును గలియు తావున నున్న కృష్ణపట్నము ఓడలకును బొగ్గునకును పేరొందిన రేవు. 2021 మే మాసమున ఆ గ్రామము పేరు ఒక నాటుమందు మూలమున దేశమంతట మారుమ్రోగినది. ఆ గ్రామవాసియగు బొనిగి ఆనందయ్య గారు ఆకులు, చిగుళ్లు, తేనె, మిరియములు మున్నగు ద్రవ్యములతో తయారు చేసిన మందును కొవిడ్ రోగులకు ఉచితముగ పంచిపెట్టిరి. మే 21వ తేదీన ముత్తుకూరు బాటలు జనముతో నిండిపోయెను. అంబులెన్సులలో రోగులు, కార్లలో రోగులు, కాలినడకను వారి బంధువులు! తోపులాట మితిమీరుటచే పంపిణీ నిలిచిపోయినది.

ఆ జనులను వెర్రివారని నవ్వువారు కొందరుండిరి. ఆ నవ్వు మాకు సమ్మతము కాదు. ఆ దినములెట్టివో మరువరాదు. అదే మాసము 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయము కలిగి, ప్రభుత్వపు లెక్క ప్రకారమే 11 మంది రోగులు మరణించిరి. ఆసుపత్రిలో మంచము దొరకదు. మంచము దొరికిన ఊపిరి దొరకదు. రెండును దొరికిన బిల్లు చెల్లించు తాహతు లేదు. అట్టివానికి పదిమంది మంచిదన్న మందు ఊరికే లభించునన్న, వాడు పరుగెత్తక యేమి చేయును? మునుగుచున్నవాడు గడ్డిపరకను పట్టుకొనుట నేరము కాదు. గడ్డిపరకయో, త్రాడో తేల్చి చెప్పవలసినవారు చెప్పకపోవుటయే నేరము. ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఆ తేల్చి చెప్పవలసిన విషయమునే.

నాడు జరిగిన విచారణను స్మరింతము. రాష్ట్ర ఆయుష్ శాఖాధికారులు మందు తయారీని స్వయముగ చూచిరి. నెల్లూరు జిల్లాకు చెందినవారును, నాటి ఉపరాష్ట్రపతియునగు ముప్పవరపు వెంకయ్యనాయుడు గారు ఢిల్లీలోని పెద్దలతో మాటలాడి, మందును వేగముగ పరిశీలింపుడని కోరిరి. కేంద్ర ఆయుర్వేద విజ్ఞాన పరిశోధన మండలి పక్షమున విజయవాడ, తిరుపతులలోని ఆయుర్వేద సంస్థలవారు మందు పుచ్చుకొనినవారిని విచారించిరి. వ్యాజ్యము ఉన్నత న్యాయస్థానమునకును ఎక్కినది. తుదకు మే 31వ తేదీన రాష్ట్రప్రభుత్వము కంటిలో వేయు చుక్కలమందు తప్ప, అధికారుల యెదుట తయారు చేసి చూపిన తక్కిన మందులకు అనుమతి నొసగినది. జూన్ మాసమున పంపిణీ తిరిగి మొదలైనది.

ఆ అనుమతిలో రెండు మాటలు కలవు. ఈ మందు వలన హాని కనబడలేదనునది మొదటి మాట. దీని వలన కొవిడ్ తగ్గునని నిర్ధారణ లేదు, వైద్యులు వ్రాసియిచ్చిన తక్కిన మందులు మానవలదు అనునది రెండవ మాట. జనులు మొదటి మాటనే వినిరి. రెండవ మాట కాగితములోనే యుండిపోయినది. ‘ప్రభుత్వము ఒప్పుకొన్న మందు’ అను పేరు ఊరూర వ్యాపించినది. ప్రభుత్వము ఒప్పుకొనినది మందు నిచ్చుటకే కాని, మందు పనిచేయుననుటకు కాదు. న్యాయస్థానములో ముద్దాయికి జామీను దొరికినంతమాత్రమున వాడు నిర్దోషియని తీర్పు వచ్చినట్లు కాదని మన పాఠకులెరుగుదురు. జామీను వేరు, తీర్పు వేరు. అట్లే అనుమతి వేరు, ప్రమాణము వేరు. కృష్ణపట్నపు మందునకు జామీను దొరికినది. తీర్పు మాత్రము నేటికిని రాలేదు.

ఒక మూలికామందునకు మన దేశమున రాజముద్ర యెట్లు లభించునో చాలమందికి తెలియదు. 1940వ సంవత్సరపు ఔషధముల చట్టమును 1964లో సవరించి, ఆయుర్వేద, యునానీ మందులను అందు చేర్చిరి. సిద్ధవైద్యపు మందులు పిదప స్పష్టముగ చేరినవి. ఆ చట్టమునకు అనుబంధముగ ప్రామాణిక గ్రంథముల పట్టిక యొకటి కలదు. చరక, సుశ్రుత సంహితలు, అష్టాంగహృదయము మొదలుగ అనేక గ్రంథములందు చేరియున్నవి. మన తెలుగుదేశపు వైద్యులు తరతరములుగ ఆశ్రయించిన బసవరాజీయమునకు కూడ ఆ పట్టికలో స్థానము లభించినది. ఈ గ్రంథములలో చెప్పిన యోగమును చెప్పినట్లు చేసిన, అది శాస్త్రీయ ఔషధము. గ్రంథములలోని ద్రవ్యములనే కొత్త పాళ్లలో కలిపిన, అది స్వామ్యపు మందు. దానికి లైసెన్సు వలయునన్న ఫలము నిచ్చునని చూపు సాక్ష్యము కొంతయైన వలయునని 2010వ సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి. వత్సనాభి, విషముష్టి, భల్లాతకము వంటి విషద్రవ్యములకు వేరొక పట్టికయే యున్నది. అవి చేరిన మందులపై చట్టపు కన్ను మరింత తీక్షణము. ఇక తన రోగులకొరకు తానే మందు నూరుకొను వైద్యునికి, హకీమునకు లైసెన్సు అక్కరలేదని చట్టము మినహాయింపు నిచ్చినది.

ఈ మినహాయింపు మంచిదే. అది లేకున్న పల్లెలలో వైద్యము లేకయే పోవును. కాని నాడి చూచి, నాలుక చూచి, పేరడిగి మందిచ్చుట వేరు. వేలమంది వరుస గట్టగా చేతికందినవారికెల్ల పొట్లమిచ్చుట వేరు. రెండవదానిని ‘తన రోగుల’ క్రింద లెక్కించుట, మా యభిప్రాయమున, చట్టము నుద్దేశించినవారి తలంపు కాదు. ఆనందయ్య గారి యోగము గ్రంథములలోనిది కాదు గనుక దానిని ఆయుర్వేద ఔషధమని యధికారులు పేర్కొనలేదు, నాటుమందనిరి. ఆ మాటతో తమ పని తీరినదని భావించిరి. అసలు పని అచ్చటనే ఆరంభము కావలసియుండెను.

‘ఇన్ని వేలమందికి నయమైనది గదా, ఇంకేమి రుజువు?’ అని యడుగువారు కలరు. ఈ ప్రశ్నకు మేము తప్పించుకొనక బదులు చెప్పెదము. మన దేశమున కొవిడ్ సోకినట్లు లెక్కకెక్కిన ప్రతి నూరుగురిలో 98 మందికి పైగా కోలుకొనినట్లు ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. అనగా ఎవరైన ఒకరు వేయిమంది రోగులకు వట్టి బెల్లపు ముక్కలు పంచియున్నను, వారిలో 980 మంది లేచి వచ్చి ఆ బెల్లమునకు నమస్కరించియుందురు. వారు చెప్పునది అబద్ధము కాదు. వారికి నయమగుట నిజము. బెల్లము వలన నయమగుట మాత్రము నిజము కాదు. తక్కిన ఇరువదిమంది వచ్చి సాక్ష్యము చెప్పరు, చెప్పలేరు. బ్రతికినవాని మాటయే వినబడును; పోయినవాని మాట వినబడదు. ఒక పక్షమును మాత్రమే విని యిచ్చిన డిక్రీ యెట్టిదో, కోలుకొనినవారి మాటలపై నిలిచిన ఔషధకీర్తి అట్టిది.

కంటిలో చుక్కలు వేసిన కొలది నిమిషములకే రక్తములోని ఆక్సిజన్ ప్రమాణము పెరిగినదని చూపు దృశ్యములు నాడు చేతిఫోనులలో వ్యాపించినవి. చూచినవారు ఆశ్చర్యపడిరి. తేనె, ముళ్లవంకాయ, తోకమిరియములు చేరిన మందు కంటబడిన మంట పుట్టును. మంట పుట్టిన మనిషి ఉలికిపడి దీర్ఘముగ ఊపిరి పీల్చును. ఆ పెరుగుదల మందు వలననా, ఉలికిపాటు వలననా, గంట గడచిన పిమ్మట అది నిలిచినదా లేదా అని కొలిచి చూచినగాని తేలదు. కంటి విషయమున ఆ మందు నాపుట న్యాయమే. కన్ను పోయిన పిదప పరిహారమిచ్చు న్యాయస్థానము లేదు.

పరీక్ష యనగానే దేశీయ వైద్యమునకు అవమానము జరిగినట్లు కోపించువారు మనలో కలరు. ఆ కోపమునకు చారిత్రక కారణము లేకపోలేదు. 1918లో చెన్నపురి ప్రభుత్వము దేశీయౌషధముల విచారణకు డాక్టరు కోమన్ గారిని నియమించినది. ఆయన దేశీయ వైద్యపద్ధతులను తక్కువపరచి నివేదిక వ్రాయగా, మన వైద్యులు తీవ్రముగ ఖండించిరి. మా శాస్త్రము తెలియనివాడు, మమ్మడుగక, మా మందులకు తీర్పు చెప్పుట యేమి న్యాయమని వారు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న ధర్మమైనది. దాని ఫలముగనే 1921లో మహమ్మదు ఉస్మాన్ గారి అధ్యక్షతను వేరొక సంఘమేర్పడెను; కెప్టెన్ శ్రీనివాసమూర్తి గారు దానికి కార్యదర్శి. పానగల్ రాజాగారు ప్రధానమంత్రిగ నున్న ఆ కాలముననే 1925లో చెన్నపురియందు దేశీయ వైద్యపాఠశాల వెలసినది. నాడు నెల్లూరు మండలము చెన్నపురి రాజధానిలోనిదే. వైద్యుని బయటనుంచి చేసిన పరీక్ష తగదని ఆ చరిత్ర మనకు చెప్పుచున్నది. పరీక్షయే తగదని అది యెన్నడును చెప్పలేదు.

పరీక్ష నాటుమందులకు మాత్రమే పెట్టిన సంకెల యనుకొనుట భ్రమ. కృష్ణపట్నమున జనము పోటెత్తిన ఆ వారముననే, మే 17వ తేదీన, కొవిడ్ చికిత్సాక్రమమునుండి ప్లాస్మా చికిత్సను భారత వైద్య పరిశోధన మండలివారు తొలగించిరి. పెద్ద పెద్ద ఆసుపత్రులు, పెద్ద పెద్ద డాక్టర్లు నమ్మిన చికిత్స యది. దానికొరకు బంధువులు రేయింబవళ్లు దాతలను వెదకి తిరిగిరి. కాని దేశములోని 39 ఆసుపత్రులలో 464 మంది రోగులపై చేసిన పరీక్షలో దాని వలన ప్రాణములు దక్కినట్లు కనబడలేదు. అంతట తెల్లకోటు వైద్యము తన బిడ్డను తానే త్రోసిపుచ్చినది. మరియొక వైపున డెక్సామెథసోన్ అను చవకయగు పాతమందు 2020లో ఇంగ్లండున జరిగిన పరీక్షలో నెగ్గి, వెంటిలేటరుపై నున్నవారి మరణములను మూడవవంతు తగ్గించినది. త్రాసునకు ధనికుడు, బీద యను భేదము లేదు. స్వదేశి, విదేశి యను భేదమును లేదు.

ఈ త్రాసునెక్కి మన మూలికలు నెగ్గిన కథలు లేవా? కలవు. సర్పగంధిని మన వైద్యులు ఉన్మాదమునకు వాడుచుండిరి. 1921 కాంగ్రెసునకు అధ్యక్షుడైన హకీం అజ్మల్‌ఖాన్ గారు దేశీయ మూలికలపై నవీన పరిశోధన జరుగవలెనని కోరిన మహాశయుడు. ఆయన ప్రోత్సాహమున ఢిల్లీ తిబ్బియా కళాశాలలో పరిశోధన మొదలిడిన సలీముజ్జమాన్ సిద్దిఖీ గారు సర్పగంధి వేరునుండి సారమును వేరుచేసి, దానికి హకీం గారి పేరిట అజ్మలీన్ అని నామకరణము చేసిరి. 1931లో గణనాథసేన్, కార్తికచంద్ర బోసు గారలు ఆ వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయునని వ్రాసిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ గారు తన రోగుల లెక్కలతో దానిని లోకమునకు చూపిరి. 1952లో దానినుండి రెసర్పిన్ అను మందు వెలువడి ప్రపంచమంతట వాడుకలోనికి వచ్చినది. పిదప అదే మందు కొందరిలో మనోవైకల్యము కలిగించుననియు లెక్కలవలననే తెలిసినది. గుణమును చాటినదియు లెక్కయే, దోషమును హెచ్చరించినదియు లెక్కయే.

చీనాదేశమున తూ యూయూ అను పండితురాలు 1,600 సంవత్సరములనాటి వైద్యగ్రంథములో చలిజ్వరమునకు చెప్పిన మూలిక నొకదానిని చూచెను. ఆ గ్రంథము మూలికను నీట నానబెట్టి పిండుమని చెప్పినదే కాని కాచుమని చెప్పలేదు. వేడియే సారమును చెరచుచున్నదేమో యని తలచి, ఆమె తక్కువ వేడిమిలో సారము తీసినది. 1972లో ఆ మందును ముందు తానే పుచ్చుకొని, హాని లేదని తెలిసికొని, పిదప రోగులకిచ్చినది. అదియే నేడు మలేరియానుండి లక్షలమందిని కాపాడుచున్న ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది. తాతలనాటి గ్రంథమును ఆమె పూజించి ఊరకుండలేదు, పారవేయనులేదు, చదివి, పరీక్షించినది. గ్రంథమునకు అంతకన్న గౌరవము వేరొకటి కలదా?

‘ఆకులలములు గదా, హాని యేమి చేయును?’ అనుట మరియొక పొరబాటు. గన్నేరును ఆకే, ఉమ్మెత్తయు ఆకే. 1990ల ప్రారంభమున బెల్జియమున ఒళ్లు తగ్గుటకని ఇచ్చిన చీనా మూలికలలో ఒక మూలికకు బదులుగ వేరొకటి కలియుటచే అనేక స్త్రీల మూత్రపిండములు చెడిపోయినవి. అచ్చట మూలికను ఎంచినవాడు, ఆరబెట్టినవాడు, పొడి చేసినవాడు వేరువేరు. తప్పు ఎవరికిని కనబడలేదు. ఒక వైద్యుడు తన పెరటి ఆకును తన చేతితో కోసినంతకాలము తప్పు జరుగుట అరుదు. వేలమందికొరకు బస్తాలతో ఆకు తెప్పించిననాడు, ఏ బస్తాలో ఏ ఆకు వచ్చినదో చూచువాడు కావలెను.

ఇక మా ప్రధానమైన ఆక్షేపణ వైద్యునిపై కాదు, జనులపై కాదు, ప్రభుత్వముపై. పరీక్ష చేయించుకొనుట యొక పల్లె వైద్యుని తరము కాదు. ఔషధకంపెనీకి ధనము, యంత్రములు, వకీళ్లు కలరు. నాటు వైద్యునికి రోలు, రోకలి తప్ప ఏమి కలవు? ఉచితముగ పంచు మందునకు లాభము లేదు గనుక దానిని పరీక్షించుటకు ఏ వర్తకుడును ముందునకు రాడు. అట్టి మందును పరీక్షించు భారము ప్రజల ధనముతో ప్రజాప్రభుత్వమే వహింపవలెను. 2021లో ఆ యవకాశము ఎదుటికి వచ్చినది. వైద్యుడు ద్రవ్యములను దాచలేదు. రోగులు వేలకొలది యుండిరి. నెల్లూరిలోనే ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. తిరుపతిలో ఆయుర్వేద కళాశాల కలదు. ఒప్పుకొనిన రోగులలో చీటీలు వేసి, సగముమందికి మామూలు చికిత్సతోపాటు ఈ మందును, సగముమందికి మామూలు చికిత్సను మాత్రము ఇచ్చి, నెలదినములు లెక్క వ్రాసియున్న, మంచి చెడ్డలు తేలియుండెడివి. మందు నెగ్గియున్న నెల్లూరు పేరు లోకమున నిలిచియుండెడిది. ఓడియున్న, ఊపిరాడని రోగులు ఆ మందుకై ఊళ్లు దాటి పరుగెత్తుట మానియుందురు. రెండింటను ప్రజలకే లాభము. ప్రభుత్వము మందు పుచ్చుకొనినవారి మాటలు సేకరించి, హాని లేదని యనుమతించి, చేతులు కడుగుకొనినది.

ఇప్పటికైన చేయవలసినదేమి? రాష్ట్రమున స్థిరమైన పరీక్షామండలి యొకటి యుండవలెను. అందు ఆయుర్వేద పండితులు, డాక్టర్లు, గణితజ్ఞులు సమముగ కూర్చుండవలెను. కోమన్ గారి నాటి తప్పు మరల జరుగరాదు. ఏ పల్లె వైద్యుడైనను దరఖాస్తు పెట్టుకొనిన, ముందుగ ఆయన యోగమును ఆయన పేరిట వ్రాసి ముద్రవేసి భద్రపరుపవలెను. ఈ జాగ్రత్త అనవసరము కాదు. గాయమునకు పసుపు పూయుటపై అమెరికాలో కొందరు పేటెంటు పొందగా, మన శాస్త్ర పరిశోధన మండలివారు పోరాడి 1997లో దానిని రద్దు చేయింపవలసి వచ్చినది. కేరళలోని కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ అను మూలికనుండి జీవని యను మందు పుట్టినపుడు, లైసెన్సు రుసుములో సగము వారికి చెందునట్లు ఏర్పాటైనది. ఆ మార్గము మనకును అనుసరణీయము.

పరీక్షాఫలము అనుకూలమైనను, ప్రతికూలమైనను అందరికిని తెలియునట్లు ప్రచురింపవలెను. తీర్పు వచ్చువరకు పొట్లముపై సత్యమునే వ్రాయవలెను. ఐరోపాదేశములలో 2004వ సంవత్సరపు శాసనము ప్రకారము, 30 సంవత్సరముల వాడుక గల మూలికామందును అల్పవ్యాధులకొరకు నమోదు చేసికొందురు. కాని దీని ప్రయోజనము చిరకాలపు వాడుకనుబట్టి చెప్పినదే యని దానిపై వ్రాయుట విధి. వాడుక వాడుకయే, రుజువు రుజువే. ఈ నిజాయితీ మన పొట్లములపై ఏల యుండరాదు?

పాఠకులకు మా మనవి యొక్కటి. ఇకముందు ఏ మందు గురించియైనను ‘ప్రభుత్వము ఒప్పుకొన్నది’ అని యెవరైన చెప్పినపుడు, దేనికి ఒప్పుకొన్నదని అడుగుడు. అమ్ముటకా, పంచుటకా, హాని లేదనుటకా, రోగము కుదురుననుటకా? ఈ ప్రశ్నలకు బదులు వేరువేరుగ వచ్చువరకు, డాక్టరు వ్రాసిన మందు మానవలదు. పెద్దలిచ్చిన కషాయము త్రాగువారిని ఎగతాళి చేయనువలదు. మన నేలపై మొలచినదానిని ప్రేమించుట దేశభక్తియే. ఆ ప్రేమ తూనికకు వెరవరాదు. తూనికకు వెరచు సరకును ఏ సంతలోను ఎవరును నమ్మరు. మరల ఒక మహమ్మారి వచ్చుటకు ముందే ఆ త్రాసును సిద్ధము చేయుడని ప్రభుత్వమును కోరుచున్నాము. రోగులు రోడ్డుపై నిలిచిన పిదప త్రాసు వెదకుట ప్రభుత్వలక్షణము కాదు.